పెళ్ళిళ్ళ డ్రోను తీసిన అడవి పటం

"గుర్తులు వేయకుండానే పటం గీశాను." ఈ మాట ముంగిస మంజరి మొదట్లో ఎవరి ముందూ పైకి అనలేదు పిల్లలూ.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పెళ్ళి వీడియోలు తీసే చిన్న డ్రోను మంజరి దగ్గరే ఉండేది. ఎగరేయడం తనంతట తానే నేర్చుకుంది. ఒకరోజు సింహం పిలిచి, "అమ్మాయ్, దీంతో అడవినంతా కొలిచి పటం చెయ్యి. త్వరగా!" అంది.

ముందు హద్దురాళ్ళ దగ్గర సున్నంతో పెద్ద గుర్తులు వేయాలి. ఫోటోల్లో అవి కనబడితేనే పటం నేలమీద సరైన చోట కూర్చుంటుంది. మంజరికి ఆ సంగతి తెలుసు. కానీ గడ్డి నిండా పల్లేరుకాయలు. "పైనుంచి అంతా కనిపిస్తుంటే కింద నడవడమెందుకు?" అనుకుని మానేసింది.

పటం నిగనిగలాడింది. సింహం మురిసిపోయి చాటింపు వేయించింది. "ఇకమీదట ఫోనులో పటం ఎక్కడ చూపిస్తే ఎవరైనా అక్కడే ఉండాలి!"

మంత్రి నక్క ఫోను పట్టుకుని బయల్దేరింది.

"కప్పగారూ, మీ మడుగు ఆ బండమీద ఉంది. ఎక్కండి."

"బండమీద నీళ్ళేవి బాబూ?"

"పటంలో ఉన్నాయిగా!"

తర్వాత చీమలు. "మీ పుట్ట వాగులో ఉంది. దిగండి."

"మునిగిపోతాం కదయ్యా!"

"ఈత నేర్చుకోకపోవడం మీ తప్పు."

చివరికి కుందేలు బొరియ. "ఏనుగుల బాట నీ ఇంటిమీదుగా పోతోందమ్మా. రేపు పొద్దున్నే మంద వస్తుంది."

కుందేలు పరుగున మంజరి దగ్గరికి వచ్చింది. "అక్కా, నా పిల్లలింకా కళ్ళు తెరవలేదు. ఎక్కడికి మోసుకుపోను? ఆ బాట ఎప్పుడూ మా ఇంటికి పడమరే కదా!"

మంజరి పటం తెరిచింది. మడుగు, పుట్ట, బాట. అన్నీ తూర్పుకే జరిగాయి, అన్నీ ఒకే దూరం. దేనికీ దేనికీ మధ్య కొలత తప్పలేదు. పటం మొత్తమే పక్కకు జరిగి కూర్చుంది.

నక్కతో చెబితే నవ్వింది. "ఊరుకోవమ్మా! రేపు నీకు శాలువా కప్పుతున్నారు. నాలుగడుగుల తేడాకు రాజుగారి పరువు తీస్తావా?"

"ఆ నాలుగడుగుల్లోనే ఈవిడ ఇల్లుంది."

జరీ అంచు శాలువా మంజరి కళ్ళముందు ఒకసారి మెదిలింది. పక్కన కుందేలు చెవులు వేలాడేసుకుని నిలబడింది.

"రేపు పాత బాటలోనే నడవమని ఏనుగుల పెద్దాయనకు చెబుతాను. గుర్తులు వేయకుండానే గీశానని కూడా చెబుతాను" అంటూ మంజరి ఫోను తీసింది.

నీతి: ఎంత ఎత్తునుంచి చూసినా నేలమీద నడిచి సరిచూసుకోవాలి, తప్పు తెలిశాక ఇంకొకరి ఇల్లు కూలకముందే నోరు విప్పాలి.