కదిరప్ప ఎడమకాలు

“చాలు, ఆపు. వచ్చి కూర్చున్నప్పటినుంచి పక్కవాళ్ళ తప్పులు తప్ప నీ నోట ఇంకొక మాట రాలేదు. నువ్వు అడగడానికి వచ్చావా, ఫిర్యాదు చేయడానికి వచ్చావా?”

సిద్ధప్ప గురువు ఇంత కటువుగా మాట్లాడటం నరసింహులు అంతకుముందు వినలేదు. అతను ఆశ్రమంలో చేరి ఏడాది దాటింది. తెల్లవారకముందే లేస్తాడు, ఉపవాసాలుంటాడు, అందరికంటే గట్టిగా జపం చేస్తాడు. అయినా మనసు మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. వంటవాడి కోపం వల్ల ధ్యానం చెడుతోందనీ, పక్క గదిలోని ముసలాయన దగ్గు వల్ల నిద్ర చెడుతోందనీ, వీళ్ళ మధ్య ఎంత శ్రమపడినా ముందుకు పోలేకపోతున్నాననీ చెప్పి, “ఈ దోషం ఎవరిది స్వామీ?” అని అడిగాడు. గురువుకు వాదించే అలవాటు లేదు. ఘాటు రోడ్డు మొదట్లో ఆశ్రమం ఉన్నందువల్ల వచ్చేపోయే బండ్లనూ మనుషులనూ ఆయన చాలాకాలంగా చూస్తున్నాడు. ఆ రోజు ఆయన చెప్పిన సంగతి ఇది.

కదిరప్పకు ఒక పికప్ బండి ఉండేది. కొండ కింది ఊళ్ళలో పండే టమోటాను ఘాటు పైనున్న సంతకు చేరవేసేవాడు. ఓబులేసు అనే కుర్రాడికి స్టీరింగు పట్టడం తానే నేర్పి, డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఒక పూట అతను నడిపితే ఒక పూట తాను నడిపేవాడు. కొంతకాలానికి బండిలో ఒక జబ్బు కనిపించింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజిను పెద్దగా అరుస్తుంది, బండి మాత్రం వెంటనే అందుకోదు. కాసేపాగి, బలవంతాన కదిలినట్టు కదులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. కదిరప్ప బంకువాడు కల్తీ డీజిలు పోశాడన్నాడు. డీజిలు ఫిల్టరు మార్పించాడు, గాలి ఫిల్టరు మార్పించాడు. బండి మారలేదు. చివరికి ఓబులేసును వెంటబెట్టుకొని బండిని మస్తాన్ మేస్త్రి షెడ్డుకు తీసుకుపోయాడు. బండి ఎప్పుడు సిద్ధమవుతుందో తెలుసుకుందామని ఇద్దరు రైతులు కూడా వెంట వచ్చారు.

“ఏందప్పా కదిరప్పా, నీ బండి అరుపుకు మా ఊరి కుక్కలు ముందే తప్పుకుంటాండాయి. బండి మాత్రం రాదు” అన్నాడు ఒక రైతు.

మస్తాన్ హ్యాండ్ బ్రేకు లాగి, పై గేరు వేసి, క్లచ్ మీదినుంచి మెల్లగా కాలు తీశాడు. బాగున్న బండి అయితే ఇంజిను ఆగిపోవాలి. ఇది ఆగలేదు, తిరుగుతూనే ఉంది. “ఇంజినుకేం రోగం లేదన్నా. దాని బలం చక్రాల దాకా పోవడం లేదు, మధ్యలో జారిపోతాంది” అన్నాడు. గేర్‌బాక్సు దింపి, ఇంజిను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్ ప్లేటు బయటికి తీశాడు. అది అరిగి, నల్లగా కమిలిపోయి ఉంది. “ఎవరో గేరు మార్చేశాక కూడా ఎడమకాలు క్లచ్ పెడల్ మీదనే ఆనించి నడుపుతాండారు. కాలి బరువు కొంచెం పడినా ప్లేటు గట్టిగా పట్టుకోదు. రాసుకొని రాసుకొని ఇట్లా కాలిపోతుంది.”

మస్తాన్ వంగి పెడల్‌ను చూశాడు. దాని రబ్బరు మీద ఇనప మేకులు గీసిన గాట్లు ఉన్నాయి. ఓబులేసు బండిని దేవుడిగా చూసుకునే మనిషి. శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెడతాడు, చెప్పులు విప్పి సీటు కింద పెట్టి ఉత్త కాళ్ళతోనే నడుపుతాడు. మేకులు కొట్టిన తోలుచెప్పులు వేసుకొని నడిపేది కదిరప్ప ఒక్కడే. మస్తాన్ చూపు పెడల్ మీదినుంచి ఆ చెప్పుల మీదికి వచ్చింది. కదిరప్ప కూర్చున్న స్టూలు కిందికి కాళ్ళు లాక్కున్నాడు.

రైతులు అతని మొహం చూస్తున్నారు. తాను నేర్పినవాడి ముందు, తన బండిని నమ్ముకున్నవాళ్ళ ముందు ‘ఆ కాలు నాదే’ అనలేకపోయాడు. “వీడేలే. ఎన్నిసార్లు చెప్పినా ఆ కాలు తియ్యడు” అన్నాడు.

ఓబులేసు తలెత్తి చూశాడు. “అన్నా” అన్నాడు. మస్తాన్ చెప్పుల సంగతి బయటపెట్టలేదు. కదిరప్ప పోతే షెడ్డుకు వచ్చే పని పోతుంది. నిజం తెలిసి ఊరకున్నవాడు అబద్ధం ఆడినవాడి పక్కనే నిలబడినట్టు.

ఆడిన అబద్ధం నిలవాలంటే డ్రైవరును మాన్పించక తప్పదు. కదిరప్ప మాన్పించాడు. ఆ వైపు డ్రైవరుకు కాగితాలకంటే పేరే ముఖ్యం. ఓబులేసు ఏ గుమ్మం ముందు నిలబడినా, “క్లచ్‌లు కాల్చేవాడివి నువ్వే కదా?” అన్నారు. కాదని చెబితే నేర్పినవాడిని అబద్ధాలకోరు అనాలి. అతనికి నోరు రాలేదు. స్టీరింగు పట్టవలసిన చేతులతో లారీలకు టమోటా పెట్టెలు ఎత్తే పనిలో చేరాడు.

కొత్త ప్లేటు వేయించుకొని కదిరప్ప రెండు పూటలా తానే నడిపాడు. కాలు పెడల్ మీదనే ఉంది. ఆ ఏటి టమోటా కాపు పూర్తిగా తగ్గకముందే బండి మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. మస్తాన్ ఈసారి దాన్ని విప్పలేదు.

“ఇప్పుడు బండి తోలేది ఎవరు కదిరప్పా?”

“నకిలీ ప్లేటు వేసి నన్నడుగుతాండావా?”

మస్తాన్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “అట్లయితే ఇంకో షెడ్డు చూసుకో. నీ పని నాకొద్దు” అన్నాడు. ఆ మాట అతను మొదటిసారే అనవలసింది.

కదిరప్ప ఇంకో షెడ్డుకు పోలేదు. అక్కడా ఇదే మాట వినవలసి వస్తుందని అతనికి తెలుసు. ఆ జబ్బుతోనే బండికి లోడు ఎత్తించి ఘాటు ఎక్కాడు. సగం కొండ ఎక్కాక, ఒక మలుపులో బండి నిలిచిపోయింది. అతను ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజిను కొండంతా మోగింది, పొగ లేచింది, చక్రాలు ముందుకు పోకపోగా వెనక్కి జారాయి. హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. వెనక ఒక లారీ ఆగింది. దాని మీద పెట్టెల మధ్య కూలీలతో పాటు ఓబులేసు ఉన్నాడు. కదిరప్ప అతన్ని చూడలేదు.

“క్లచ్ ఇంత కాలేదాకా ఏం చేస్తాండావప్పా? ఎవరు చేసింది ఈ పని?” అని లారీ డ్రైవరు అడిగాడు.

“పాత డ్రైవరు చేసిన పాపం” అన్నాడు కదిరప్ప.

కూలీలందరూ ఓబులేసు వైపు తిరిగారు. అతను లారీ దిగి వచ్చాడు. “అన్నా, నన్ను పంపేశాక కొత్త ప్లేటు వేయించినావు కదా. దాన్ని నేనెట్లా కాలుస్తా?” అన్నాడు. గొంతు పెంచలేదు. జవాబు కోసం నిలబడలేదు కూడా. లారీని వెనక్కి తీయించి, పికప్‌లో కూర్చొని, ఒక పక్క లోయ, ఒక పక్క బండ ఉన్న ఆ దారిలో బ్రేకు మీద ఆపుకుంటూ వెనక్కే దించి, వెడల్పాటి చోట నిలిపాడు. చక్రాల కింద రాళ్ళు పెట్టి, తాళంచెవి తెచ్చి కదిరప్ప చేతిలో ఉంచాడు. అది చూసిన లారీ డ్రైవరు తన సీటులోంచి పక్కకు జరిగాడు. మిగిలిన ఘాటంతా ఆ లారీని ఓబులేసే ఎక్కించాడు.

గురువు చెప్పడం ఆపాడు. నరసింహులు తల వంచుకొనే, “ఆ తరువాత కదిరప్ప ఏమయ్యాడు స్వామీ?” అని అడిగాడు.

“ఏ రైతూ అతని బండికి పెట్టె ఎత్తలేదు, ఏ డ్రైవరూ అతని తాళంచెవి అందుకోలేదు. బండి అమ్ముకున్నాడు. ఇప్పుడు సంతకు పోవాలంటే ఎవరో ఒకరి బండి ఆపుతాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా, వెనక పెట్టెల మధ్య కూర్చోమంటారు. కూర్చుంటాడు.”

“ఆ మలుపులోనైనా ఓబులేసుతో నిజం ఒప్పుకొని ఉంటే?”

“ఒప్పుకున్నాడు నాయనా. అప్పటికి లారీ మలుపు దాటిపోయింది.”