స్పానర్ ముట్టనన్న నూకరాజు

మళ్ళీ చుక్క పడింది.

నూకరాజు ఎర్ర కారు కింద పరిచిన అట్టముక్కని బయటికి లాగి చూశాడు. నట్టనడుమ గోధుమరంగు మరక, ఇప్పుడే పడ్డానన్నట్టు మెరుస్తోంది. వేలు అద్ది వాసన చూశాడు. చూడక్కర్లేదు నిజానికి. మగ్గిన ఉల్లిపాయలాంటి ఆ గేరు నూనె వాసన ఈమధ్య అతను అన్నం తింటున్నా ముక్కుకి తగులుతూనే ఉంది.

గాజువాక ఆటోనగర్లో ఖాదర్ వలీ గారి షెడ్డుకి ఏ బండి వచ్చినా ముందు చెయ్యి వేసేది నూకరాజే. మీసాలు రాకముందు చేరాడు, ఇప్పుడు మీసాలు మెలేస్తున్నాడు. లారీ గేరుబాక్సుని కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తానంటాడు. ఒకసారి నిజంగానే కళ్ళకి గంతలు కట్టుకుని బిగించి, మిగిలిపోయిన నట్టుని ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. అలాంటివాణ్ణి ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి స్పోర్ట్స్ కారు ఏడిపిస్తోంది.

ఆ కారు పళ్ళ డాక్టరు మృదుల గారిది. చిన్నప్పట్నుంచి కోరిక ఆవిడకి, పైకప్పు తీసేసి సముద్రం ఒడ్డున భీమిలి దాకా తోలుకుంటూ వెళ్ళాలని. సెకండ్ హ్యాండ్లో దొరికితే కొనుక్కున్నారు. కోరిక తీరింది గానీ, వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో కొత్తగా వేసిన టైల్స్ మీద కారు ఆగిన చోటల్లా మరక. అసోసియేషన్ సెక్రటరీ ఆ కారు కింద పాత పేపర్లు పరవడం మొదలుపెట్టాడు, పసిపిల్ల కింద పక్కగుడ్డ వేసినట్టు.

నూనె కారేది డిఫరెన్షియల్ నుంచి. అదేమిటో తెలియనివాళ్ళు బడిలో డ్రిల్లు గుర్తు తెచ్చుకోండి. పిల్లలు అడ్డంగా వరస కట్టి నడుస్తూ మలుపు తిరిగారనుకోండి. లోపలి కొసన ఉన్నవాడు దాదాపు ఉన్నచోటే అడుగులేస్తాడు, బయటి కొసన ఉన్నవాడు పరిగెత్తాల్సి వస్తుంది. కారు మలుపు తిరిగినప్పుడు చక్రాలదీ అదే కథ. లోపలి చక్రాన్ని నెమ్మదిగా, బయటి చక్రాన్ని జోరుగా తిరగనిచ్చే పళ్ళచక్రాల పెట్టె ఒకటి వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. అదే డిఫరెన్షియల్. దాని నిండా నూనె. ఆ పెట్టెకి మూడు గుమ్మాలు. ఇంజను నుంచి వచ్చే కడ్డీకి ముందు ఒకటి, చక్రాలకి వెళ్ళే కడ్డీలకి కుడి ఎడమల చెరొకటి. నూనె బయటికి రాకుండా గుమ్మానికొక రబ్బరు చుట్ట. దాన్నే సీలు అంటారు.

మొదట కారింది ముందు గుమ్మం. ఆ సంగతి పట్టుకున్న పద్ధతి గురువుగారు ఖాదర్ వలీ నేర్పిందే. పెట్టెని డీజిల్‌తో శుభ్రంగా కడిగి, తుడిచి, దాని ఒళ్ళంతా ముఖానికి రాసుకునే పౌడరు జల్లి, బండిని కాసేపు తిప్పి తీసుకురావాలి. నూనె ఎక్కడ ఊరితే అక్కడ పౌడరు తడిసి చారికలు కడుతుంది. నూకరాజు వాళ్ళావిడ మల్లెపూల పౌడరు డబ్బా ఎత్తుకొచ్చి జల్లాడు. షెడ్డంతా పెళ్ళివారిల్లులా గుప్పుమంది. ముందు గుమ్మం దగ్గర పౌడరు తడిసింది. సీలు మార్చాడు. పని అయ్యాక పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి కారుని పంపించాడు.

కారు తిరిగొచ్చింది. ఈసారి కుడి గుమ్మం. అదీ మార్చాడు. మళ్ళీ తిరిగొచ్చింది. ఎడమ గుమ్మం. "సీళ్ళు నకిలీవి గురువుగారూ," అన్నాడు. గురువుగారు అసలువి తెప్పించి ఇచ్చారు. "రోడ్లు అలా ఏడుస్తున్నాయి," అన్నాడు తరవాత. ఆ తరవాత "ఆడవాళ్ళు తోలితే ఇంతే," అనబోయి, డాక్టరమ్మ వెనకే నిలబడి ఉండటం చూసి దగ్గు కింద మార్చేశాడు.

కిందటిసారి మూడు సీళ్ళూ ఒకేసారి విప్పి కొత్తవి వేశాడు. వేసి, ఎదురు టీకొట్టు దాకా వినపడేలా ఒట్టు పెట్టాడు.

"ఈసారి చుక్క పడిందో, నాను మళ్ళీ స్పానర్ ముట్టను! మా మావ ఐసు ఫ్యాక్టరీలో గల్లా కాడ కూర్చుంటాను!"

మామగారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆయనకి అల్లుడి గోళ్ళలో నలుపు నచ్చదు. నూకరాజుకి మాత్రం ఆ నలుపే ప్రాణం. పాడైన బండి మొదటిసారి స్టార్టయ్యే చప్పుడు వినకుండా ఎలా బతకాలో అతనికి తెలీదు. గెలుస్తాననే ధీమాతో పెట్టిన ఒట్టు అది.

ఇదిగో, చుక్క పడింది. ముందు గుమ్మం దగ్గరే. కథ మొదలైన చోటికే వచ్చింది.

మృదుల గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. "నూకరాజూ, నేనడిగానని ఏమీ అనుకోకు," అన్నారు. "నొప్పని వచ్చినవాళ్ళకి నేనిలా ఒకటి తరవాత ఒకటి పళ్ళు పీకుతూ పోతే, వాళ్ళు నన్ను ఏం చేస్తారంటావు?"

"పళ్ళుండవు కదండీ, కరవలేరు," అన్నాడు నూకరాజు. నవ్వించబోతూనే స్పానర్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేస్తున్నాడు.

ఖాదర్ వలీ గారు మంచం మీంచి లేచి కూర్చున్నారు. బక్కపలచని మనిషి, తెల్లటి గడ్డం. ఆయన మాట్లాడితే వినడానికి పక్క షెడ్డులో గ్రైండరు కూడా ఆపుతారు.

"ఏరా, సర్దేస్తన్నావా?"

"ఒట్టు పెట్టేశాను కదండీ. బజారంతా విన్నారు."

"విన్నారు, విన్నారు. వెళ్ళేముందు ఒక పని చేసి వెళ్ళు." కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చారు. "నోటినిండా పోసుకో. మింగకూడదు. ఉమ్మకూడదు."

ఎందుకని అడిగే అలవాటు నూకరాజుకి లేదు. బుగ్గలు రెండూ ఉబ్బేలా పోసుకుని నిలబడ్డాడు. మీసాలు పైకి లేచి, ఊదిన బుడగకి అతికించినట్టున్నాయి. డాక్టరమ్మ టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నారు.

ఖాదర్ వలీ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రిలా గొంతు తగ్గించి చెప్పారు.

"నూకా, ఐసు ఫ్యాక్టరీలో జాగ్రత్త నాయనా. అక్కడ ప్రతీ గడ్డా కారుతుంది. కనపడిన గడ్డకల్లా సీలు వేసుకుంటూ కూర్చోకు."

నూకరాజు బుగ్గలు అదిరాయి. పెదాలు బిగబట్టాడు. ఇంకా గట్టిగా బిగబట్టాడు. లోపల నవ్వు తన్నుకొచ్చింది. నోరు మాత్రం తెరవలేదు, గురువుగారి మాట కదా. అంతే, ముక్కు రెండు కన్నాల్లోంచీ నీళ్ళు చివ్వున చిమ్మి, గురువుగారి బనీను, పక్కనున్న బ్యాటరీ, ఎర్ర కారు బానెట్టు అన్నీ తడిశాయి. కళ్ళమ్మట నీళ్ళు, దగ్గు, తుమ్ము. డాక్టరమ్మ టీ ఒలకబోసుకుని మరీ నవ్వారు.

ఖాదర్ వలీ గారు మాత్రం నవ్వలేదు. నూకరాజు గడ్డం పట్టుకుని పైకెత్తి, వెలుగుకి తిప్పి, ముక్కుని శ్రద్ధగా పరీక్షించారు.

"ముక్కు పాడైనట్టుందిరా. కారుతోంది. మార్చేద్దామా?"

నూకరాజు నవ్వబోయి ఆగిపోయాడు.

ముక్కు మండుతోంది. చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. ముక్కుకేం, బాగానే ఉంది. నోరు మూసుకున్నది తను. లోపల ఒత్తిడి పుట్టింది, పోయే దారిలేక దొరికిన కన్నంలోంచి తన్నుకొచ్చింది. ముక్కు కూడా మూసుకుని ఉంటే? చెవుల్లోంచి వచ్చేదేమో.

ముందు గుమ్మం, కుడి గుమ్మం, ఎడమ గుమ్మం, మళ్ళీ ముందు గుమ్మం.

బండి నడిస్తే పెట్టె వేడెక్కుతుంది. లోపలి గాలి పొంగుతుంది. ఆ గాలి పోవడానికి పెట్టె నెత్తిన బ్రీదరని వేలి కొసంత బుడిపె ఉంటుంది, దానికి సన్నటి కన్నం. పెట్టెకి అదే ముక్కు, అదే నోరు. ఆ సంగతి నూకరాజుకి తెలియక కాదు. ఇన్నాళ్ళుగా చూపంతా కింద పడే చుక్క మీదే ఉంది, పైకి పోలేదు.

గబగబా కారుని షెడ్డులో రిపేరు చేసే గోతి మీదికి తోసి, లోపలికి దిగాడు. ఆ కారులో పెట్టెకీ పైనున్న రేకుకీ మధ్య చెయ్యి దూరేంత సందే ఉంది. కంటికి కనపడదు, తడమాల్సిందే. తడిమాడు. బుడిపె తగిలింది. బుడిపె మీద ఇంకేదో తగిలింది. గట్టిగా, నున్నగా, గోరుతో గీకితే పెచ్చు ఊడి వచ్చింది.

అరచేతిలో పెట్టుకుని చూశాడు. పసుపుపచ్చగా ఉంది. మధ్యలో ఎర్రగా. వరసలు వరసలుగా, ఒక పొర మీద ఇంకో పొర.

ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏం దొరికింది నూకరాజూ?" డాక్టరమ్మ వంగి అడిగారు.

పని అయిన ప్రతిసారీ నూకరాజు పెట్టెకి బొట్టు పెట్టేవాడు. కింద పెడితే నూనెకి జారిపోతుంది, పక్కన పెడితే బురద కొడుతుంది. దేవుడి గుర్తు నెత్తిన ఉండటమే మర్యాద. చెయ్యి పైకి పోనిచ్చి, వేళ్ళకి తగిలిన ఆ బుడిపెకే, చూడకుండానే, పసుపు ముద్ద మెత్తి కుంకం అద్దేవాడు. కారు తిరిగొచ్చిన కొద్దీ భక్తి పెరిగింది. భక్తి పెరిగిన కొద్దీ ముద్ద పెరిగి, గాలి పోయే కన్నం మూసుకుపోయింది. పాత కారు కాబట్టి మొదటిసారి ఆ సీలు నిజంగానే అరిగిపోయి ఉండొచ్చు. ఆ తరవాత కారినవన్నీ మాత్రం అతని దణ్ణాల చలవే.

"అమ్మా," అంది గోతిలోంచి గొంతు, "ఒక సేఫ్టీ పిన్ను ఉంటే ఇస్తారా?"

ఆవిడ చీర కుచ్చిళ్ళ దగ్గర వెతుక్కుని ఒకటి తీసి అందించారు. గోతిలో గీకుడు చప్పుడు. ఆ వెనక సన్నగా, దీర్ఘంగా, "హుస్స్" మని ఒక నిట్టూర్పు. నిట్టూర్చింది కారో నూకరాజో బయటివాళ్ళకి తెలియలేదు.

మళ్ళీ కడిగి, తుడిచి, మల్లెపూల పౌడరు జల్లారు. మృదుల గారు పైకప్పు తీసేసి, చున్నీలాంటి గుడ్డొకటి తలకి చుట్టుకుని, భీమిలి దాకా వెళ్ళి వస్తానని బయల్దేరారు. ఆవిడ తిరిగొచ్చేదాకా నూకరాజు కూర్చోలేదు. టీ చల్లారిపోయింది.

కారు వచ్చి గోతి మీద ఆగింది. నూకరాజు లైటు పట్టుకుని కింద చూశాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. ముందు గుమ్మం చుట్టూ వేలు తిప్పాడు. వేలికి పొడిపొడిగా పౌడరు అంటింది, అంతే.

"ఏం మార్చావయ్యా ఇంతకీ?" డాక్టరమ్మ అడిగారు. "సెక్రటరీకి ఏదో ఒకటి చెప్పాలి కదా నేను."

బ్రీదరు వాల్వు అనొచ్చు. కంపెనీ లోపం అనొచ్చు. పెద్ద ఇంగ్లీషు మాటలు మూడు వరసగా నాలుక కొసకి వచ్చాయి. నూకరాజు గోతిలోంచి పైకొచ్చి, చేతులు కట్టుకున్నాడు.

"ఏటీ మార్చలేదమ్మా. నాను పెట్టిన బొట్టు తుడిచాను."

ఆవిడ నవ్వాపుకుని ఖాదర్ వలీ గారి వైపు తిరిగారు. "మీకు ముందే తెలుసు కదూ? చెప్పొచ్చు కదండీ, నా పెట్రోలైనా మిగిలేది."

"బొట్టు సంగతి నాకేం తెలుసమ్మా," అన్నారాయన. "గుమ్మాలన్నీ వంతులేసుకుని తడుస్తుంటే ఎక్కడో ఊపిరాడటం లేదని అనుమానం వచ్చింది. వీడొచ్చి ప్రతిసారీ సీలు కావాలని అడిగాడు, ఇచ్చాను. ఎందుకు కారుతోందని ఒక్కసారైనా అడుగుతాడేమోనని చూస్తన్నాను."

ఎర్ర కారు వెళ్ళిపోయింది. షెడ్డు ముందు నేల మీద చుక్క లేదు. నూకరాజు గోడకి తగిలించిన సంచీ తీసి భుజానికి వేసుకున్నాడు. గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఎక్కడికిరా?"

"మా మావ కాడికి. ఆ చుక్క పొద్దున్న పడనే పడింది కదండీ. మాటంటే మాటే."

"ఒట్టు ఏమని పెట్టావు?"

"స్పానర్ ముట్టనని."

"ఇప్పుడు బాగుచేశావు కదా. దానికి స్పానర్ ముట్టావా?"

నూకరాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడిచేతిలో సేఫ్టీ పిన్ను ఇంకా అలాగే ఉంది. డాక్టరమ్మకి తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు.

ఖాదర్ వలీ గారు మంచం మీద మళ్ళీ వాలి, తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు. తువ్వాలు కిందనుంచి గొంతు మెల్లగా వచ్చింది.

"ఒట్టు మంచిదేరా. తీసి పారెయ్యకు. బండి వచ్చినప్పుడల్లా కాసేపు పాటించు."