కుముదుడి చెవిగాలి

పూర్వం, దక్షిణాపథంలో మణిపింగళమనే పట్టణాన్ని రాజధానిగా చేసుకుని, శత్రువులకు సింహస్వప్నమూ ప్రజలకు కన్నతండ్రీ అయిన ఋతసేన మహారాజు రాజ్యమేలుతున్న కాలంలో, ఒకనాటి ఉదయం పూజామందిరంలో కలశంలోని నీళ్లు ఒక పక్కకి ఒరిగాయి.

కలశం నిటారుగానే ఉంది. నీళ్లు మాత్రం నైరృతి వైపు వేలెడు ఎత్తు లేచి, మళ్లీ సమానం కాకుండా అలాగే నిలిచిపోయాయి.

ఋతసేనుడు ఆ నీళ్ల వంక చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్లుగా వందిమాగధులు ప్రతి ఉదయం "అశ్రాంతా, అలుపెరుగని వీరా!" అని మేల్కొలుపుతుంటే, అలిసిపోయానన్న మాట పెదవి దాటనివ్వకుండా బతుకుతున్న మనిషి. పరిచారిక నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ చెంబు రోజూ సింహాసనం పక్కన పెట్టేది. దాన్ని ముట్టుకునే తీరిక ఆయనకు ఏనాడూ దొరకలేదు. సాయంత్రానికి అది పులిసి వెనక్కి వెళ్లేది. అలాంటి రాజుకి ఆ ఒరిగిన నీళ్లను చూడగానే ముందు భయం కలగలేదు. ఎక్కడో, ఎవరో, తనకంటే ముందు కూలబడుతున్నారనిపించింది. ఆ ఊహకి కాస్త ఊరట కూడా కలిగింది. భయం ఆ తర్వాత వచ్చింది.

రాజపురోహితుడూ మహాతపస్వీ అయిన శాలవత్స మహర్షి కళ్లు మూసుకుని దివ్యదృష్టితో చూసి, ఉలిక్కిపడి లేచాడు.

"రాజా! భూమిని మోసే అష్టదిగ్గజాలలో నైరృతి దిక్కు కాచే కుముదుడు మోకాళ్లు వంచుతున్నాడు. రేపు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి భూమిని కింద పెట్టేస్తాడు. మొదట జారి సముద్రంలో పడేది మన రాజ్యమే."

రాజు ఆ క్షణమే బయలుదేరాడు. వింధ్యాద్రి గుహలోంచి పాతాళానికి దిగే దారి ఒకటుంది. బంగారు గజ్జెలూ, నవరత్నాలు పొదిగిన అంబారీ, వీపున కప్పే ముత్యాల కుచ్చుల పట్టు జూలూ ఒక ముసలి ఆడ ఏనుగు మీదికెత్తించి, దాన్ని నడపడానికి మావటివాడి భార్య తుంబికను వెంటబెట్టుకుని, మహర్షితో కలిసి ఆ చీకట్లోకి దిగాడు. మావటి జ్వరంతో పడుకున్నాడు. ఆ ముసలి ఏనుగు ఇంకెవరి మాటా వినదు.

మర్నాడు పొద్దెక్కేసరికి వాళ్లు కుముదుడి ముందు నిలబడ్డారు.

తెల్లకలువల రంగు శరీరం వెయ్యేళ్ల ధూళితో బూడిదరంగైపోయింది. కొండంత తల మీద భూమి. మోకాళ్లు సగం వంగి వణుకుతున్నాయి. వణికినప్పుడల్లా పైనుంచి మట్టిపెళ్లలు రాలుతున్నాయి.

"ధరణీధరా, ధవళదేహా! నీకు ఈ కానుకలు. ఊరూరా నీకు గుడి కట్టిస్తాను, త్రికాలపూజలు జరిపిస్తాను" అని ఋతసేనుడు చేతులు జోడించాడు.

కుముదుడు ఒక కన్ను తెరిచి అంబారీని చూశాడు.

"ఇంకా బరువా, రాజా?" అన్నాడు.

మహర్షికి కోపం వచ్చింది. కమండలం ఎత్తాడు.

"ధర్మం తప్పితే శపిస్తాను, గజరాజా!"

"శపించు స్వామీ. ఏమని శపిస్తావు? భూమిని మొయ్యమనా? అది మోస్తూనే ఉన్నాను. ఇక మొయ్యొద్దని శపిస్తే నీ పాదాలకు మొక్కుతాను."

కమండలం మెల్లగా కిందికి దిగింది. కుముదుడి ముందుకాలు జానెడు జారింది. పైన ఎక్కడో కొండచరియ విరిగిన శబ్దం వినపడింది. నడిమధ్యాహ్నానికి ఇంకెంతో సమయం లేదు.

రాజు ఒక కారణం కోసం వెతికాడు. ఒక్కటి చాలు, ఇంకొక్కరోజు మొయ్యడానికి. ధర్మం గురించి చెబుదామనుకున్నాడు, కీర్తి గురించి చెబుదామనుకున్నాడు. ఏ మాటా నోట్లోంచి ఊడిపడలేదు, ఎందుకంటే ఆ మాటలన్నీ ఇరవై ఏళ్లుగా తనకు తాను చెప్పుకుని అరగదీసినవే. చివరికి ఒక బండరాయి మీద చతికిలబడ్డాడు.

"నన్ను క్షమించు. నేనూ అలిసిపోయాను. నీకేం చెప్పాలో నాకు తెలియడంలేదు."

అప్పుడు వెనకనుంచి తుంబిక విసుగ్గా అంది.

"చాల్లెండి సంబడం. ఆ చెవి ఎనకాల సూడండి, మట్టి ఎంత మందాన పేరుకుందో! ఏం నాయనా, నిన్నెవరూ తోమరా?"

కుముదుడు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"అడుగుతుంటే చెప్పవేం? దురద లేదూ?"

పాతాళమంతా వినబడేంత చిన్న గొంతుతో కుముదుడు అన్నాడు.

"ఉంది. నాలుగు వందల ఏళ్లుగా ఉంది. ఏదో చెట్టు వేరు దిగి ఎడమచెవి వెనక గీరుతోంది. తల విదిలిస్తే భూకంపం వస్తుంది."

"మరి చెప్పొచ్చుగా!"

"పైన ప్రతి తెల్లవారుజామునా 'అచంచలా, అలుపెరుగనివాడా' అని స్తోత్రం చదువుతారమ్మా. అలా పొగిడేవాళ్లతో, చెవి వెనక దురదగా ఉందని ఎలా చెప్పను?"

రాజు తలెత్తి చూశాడు. ఆ స్తోత్రం తన వంశపు పూర్వీకులు నియమించినది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా తాను జరిపిస్తున్నది.

తుంబిక కొంగులోంచి అరిగిన ఇటుక ముక్కా, కొబ్బరిపీచూ తీసింది. మహర్షి ముందు చెయ్యి చాపింది.

"నీళ్లియ్యి సామీ."

"ఇది సప్తనదుల పవిత్రజలం!"

"మంచిదే. ఉప్పగా ఉండవు."

మహర్షి కమండలం ఇచ్చాడు. అది ఎంత పోసినా నిండుకోని కమండలం. ఆ చెవి అందుకోవడానికి దంతం మీదుగా ఎక్కాలి. తుంబికకు వయసు మీదపడింది. ఋతసేనుడు కిరీటం తీసి బండమీద పెట్టి, పంచె ఎగ్గట్టి, ఇటుక ముక్క పుచ్చుకుని ఎక్కాడు.

"అట్టా కాదయ్యా రాజా! కత్తి నూరుతున్నావా? ముందు తడుపు. ఇప్పుడు గుండ్రంగా. ఆఁ, గట్టిగానే. తోలు మందం, ఏం కాదు."

వేలాడుతున్న వేరును రాజు కత్తితో కోసి పక్కకి లాగాడు. పీచుతో తోమాడు, ఇటుకతో రుద్దాడు. వెయ్యేళ్ల మట్టి నల్లగా కారిపోయి, కింద కలువరేకు లాంటి తెలుపు బయటపడింది.

కుముదుడి కళ్లు మూతపడ్డాయి. గొంతులోంచి దూరపు ఉరుములాంటి మూలుగు ఒకటి బయలుదేరి, సాగి సాగి ఆగింది. తర్వాత ఆ మహాకర్ణం, ఎన్నో యుగాలుగా కదలనిది, ఒక్కసారి విసురుగా ఊగింది.

ఆ గాలి రాజు మెడ మీది చెమటకి తగిలింది.

ఋతసేనుడు పని ఆపేశాడు. చల్లగా ఉంది. ఇరవై ఏళ్లలో తాను యుద్ధాలు గెలిచాడు, యాగాలు చేశాడు. మెడకి చల్లగాలి తగిలిందని మాత్రం ఒక్కసారీ గమనించలేదు. ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

పైన సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కింద కుముదుడి మోకాళ్లు ఒకటొకటిగా నిటారుగా లేచాయి.

"బరువు తగ్గిందా, గజరాజా?" అని రాజు అడిగాడు.

"లేదు. అంతే ఉంది. కానీ రేపటిదాకా మొయ్యగలను."

"ఎల్లుండి?"

"రేపు మళ్లీ తోమండి" అన్నాడు కుముదుడు. "రాజా, నాకు నాలుగు వందల ఏళ్ల తర్వాత సుఖం తెలిసింది. వరం కోరుకో."

అలుపెరుగని శరీరం కావాలన్నది ఋతసేనుడు చిన్ననాటినుంచి కోరుకున్నదే. ఆ మాట నాలుకదాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి, ఇటుక ముక్క వంక చూసి, ఆ కోరికను మింగేశాడు.

"మహానుభావా, లోకంలో మోసేవాళ్లు చాలామంది. అందరికీ చెవి వెనక తోమేవాళ్లు ఉండరు. బరువుతో ఉన్నవాళ్లకి రోజుకొక్కసారైనా నీ చెవిగాలి తగిలేలా అనుగ్రహించు."

"తథాస్తు" అన్నాడు కుముదుడు. "గాలి పంపడం నా వంతు. తగిలినప్పుడు గమనించడం వాళ్ల వంతు."

మణిపింగళంలో కలశంలోని నీళ్లు సమానమయ్యాయి. తుంబిక వంశానికి పాతాళమార్గం మీద హక్కు దక్కింది. రోజూ ముందు కుముదుడికి స్నానం, ఆ తర్వాతే స్తోత్రం అని శాసనం వెలిసింది. రాజు కొలువుకి తిరిగిరాగానే వందిమాగధులు "అశ్రాంతా!" అని ఎత్తుకోబోతే, ఆయన చెయ్యెత్తి ఆపి, మజ్జిగ చెంబు అందుకుని, సభ మొత్తం కాచుకుని ఉండగా ఆఖరి చుక్క వరకూ తాగాడు. నిమ్మాకు వాసన బాగుంది.

ఈ కథ విన్నవారికి బరువు తగ్గుతుందని మహర్షులు చెప్పలేదు. నైరృతి వైపునుంచి గాలి వీచి మెడకి తగిలినప్పుడు, అడుగు ఆపి ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే, అదే ఈ కథకి ఫలశ్రుతి.