మచ్చలేని అరటిపండు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి పైవరసలో ముందు పళ్ళు నాలుగు లేవు. ఆ సంగతి బయటికి పొక్కకూడదని ఆజ్ఞ. పొక్కలేదు కూడా. అందరికీ తెలుసు, ఎవరూ అనరు, అంతే.

ఆ రాజ్యం పేరు ఇక్షుపురి. రాజుగారి పేరు రణభైరవ భూపతి. పులితో కలబడినప్పుడు పెదవికి గాయమైందని, అందుకే మూతికి పట్టుగుడ్డ అడ్డం కట్టుకుంటారని ఆస్థాన కవి నూరు పద్యాలు రాశాడు. స్నానాల గదిలో సున్నిపిండి మీద కాలు జారి, తొట్టి అంచుకి మూతి కొట్టుకున్నారన్నది నీళ్ళు తోడే దాసీలకి తెలిసిన సంగతి. దాసీల మాట మీద పద్యాలు ఎవరు రాస్తారు?

రాజుగారు మెత్తటి అన్నం తినడం మొదలుపెట్టేసరికి కోటంతా మెత్తటి అన్నమే వండారు. జంతికలంటే ప్రాణం పెట్టే మహారాణి కూడా రెండేళ్ళుగా పెరుగన్నం గుజ్జు తింటోంది. ఆపైన ఇంకో ఆజ్ఞ వచ్చింది, పళ్ళు కనబడేలా ఎవరూ నవ్వకూడదని. ఆడవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆడది పళ్ళు బయటపెట్టి నవ్వకూడదని వాళ్ళకి పుట్టినప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు, వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు మగవాళ్ళకీ అదే నియమం వచ్చేసరికి, ఇంత కష్టమైన నియమం లోకంలో ఉంటుందా అని మగవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఆ ఊళ్ళోనే ఓబుళమ్మ అని దువ్వెనలు చేసే ఆమె ఉండేది. గేదె కొమ్ముతోటీ ఎముకతోటీ సన్నటి దువ్వెనలు కోసేది. పని తల్లి దగ్గర నేర్చుకుంది. ఆ తల్లికి ముసలితనంలో ముందు పళ్ళు ఊడిపోయి, మాట గాలికి పోయి, చివరికి మాట్లాడడమే మానేసింది. అమ్మ గొంతు వినకుండా ఉండలేక ఓబుళమ్మ ఎముకతో పళ్ళు చెక్కింది. ఒకే ముక్కలో వరసగా చెక్కి, అంచులకి బెజ్జాలు వేసి, పక్కనున్న పళ్ళకి సన్నటి పట్టుదారంతో కట్టింది. ఆ పళ్ళతో తల్లి అన్న మొదటి మాట, "వంకర" అని. ఓబుళమ్మ సరిచేసింది. తర్వాత మూడేళ్ళు బతికి, రోజంతా వంకలు పెడుతూనే పోయింది ఆవిడ. కూతురికి ఆ మూడేళ్ళూ పండగే.

అప్పటినుంచి ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కాన్పుకో పన్ను పోతుందంటారు గదా, అలా పోగొట్టుకున్నవాళ్ళు కొందరు. గడప తగిలి పడ్డామని చెప్పినవాళ్ళు కొందరు. ఏ గడపా అంత ఎత్తున ఉండదని ఓబుళమ్మకి తెలుసు, అయినా అడిగేది కాదు. మైనం ముద్ద కాస్త వెచ్చచేసి కొరకమనేది. అందులో పడ్డ అచ్చు చూసి చెక్కేది. అలా పదకొండు మంది నోళ్ళలో పళ్ళు నిలిచాయి.

ఆ పదకొండు మందిలో గంగులవ్వ ఒకతె. ఒకనాడు రాజుగారి ఊరేగింపు వీధిలో వెళుతుంటే, గంగులవ్వ అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తుంచకుండా కొరికి తింటోంది. నిరుడు ఇదే అరుగు మీద రొట్టె నీళ్ళలో నానబెట్టుకున్న ముసలిదానికి ఈ ఏడు పళ్ళెలా మొలిచాయి? పల్లకీ ఆగింది.

సాయంత్రానికల్లా భటులు ఊరంతా తిరిగి పదకొండు మంది పళ్ళూ ఊడదీసి ఒక ఇత్తడి గిన్నెలో వేసుకుపోయారు. మర్నాడు ఓబుళమ్మని సభకి పిలిపించారు.

ఆస్థాన వైద్యుడు విష్ణుభొట్లు ఫిర్యాదు చదివాడు. ఈయన అంతకుముందు, దవడలో నాటితే పన్ను వేరు పోసుకుంటుందని కనిపెట్టి, తోటమాలి చిగుళ్ళలో పొట్టేలు పన్ను దిగ్గొట్టినవాడు. తోటమాలి నెలరోజులు జ్వరంతో మూలిగాడు. వైద్యుడికి శాలువా కప్పారు. ఇప్పుడాయన చెప్పినదాని సారం ఇది: లేనిది ఉన్నట్టు చూపడం మోసం, మోసానికి మంత్రం తోడైతే క్షుద్రం, ఆ రెండూ ఆడది చేస్తే మరీ ప్రమాదం.

"లేని గాయానికి కట్టు కట్టడం కూడా మోసమేనా అయ్యగారూ?" అని అడిగింది ఓబుళమ్మ వినయంగా.

సభలో కొందరు నవ్వబోయి, ఆజ్ఞ గుర్తొచ్చి దగ్గారు. రాజుగారు పట్టుగుడ్డ సర్దుకున్నారు. ఆయన చూపు ఇత్తడి గిన్నె మీదే ఉందని ఓబుళమ్మ గమనించింది. ఆకలిగా ఉన్న పిల్లాడు పొయ్యి మీది గిన్నె వైపు చూసే చూపు అది.

రాజుగారు ఒక పరీక్ష పెట్టారు. ఇది మంత్రం కాదు, పనితనమే అయితే, తన నోటికి సరిపోయే నాలుగు పళ్ళు చేసి చూపాలి. తనకి అవసరమై కాదు, కేవలం పరీక్ష కోసమే. ఆమె రాజు నోట్లోకి చూడకూడదు. చెయ్యి పెట్టకూడదు. నోరు తెరవండని అననూ కూడదు, ఒక ఆడది నోరు తెరవమంటే తెరిచేవాడు రాజెలా అవుతాడు? గడువు ఎనిమిది రోజులు. చెయ్యలేకపోతే ఆమె రంపమూ ఆకురాయీ ఏటిలోకి, పదకొండు మంది పళ్ళూ నిప్పుల్లోకి.

ఎనిమిది రోజులే ఎందుకో అందరికీ తెలుసు. తొమ్మిదో రోజు చెరకు పండగ. రాజు నలుగురిలో తొలి గడ కొరికితే తప్ప ఆ రాజ్యంలో గానుగ తిరగదు. నిరుడు రాజుగారికి జలుబన్నారు, మంత్రి కొరికాడు. రెండో ఏడు కూడా జలుబంటే రైతులు ఊరుకోరు.

అవసరం ఉన్నవాడికి అడగడం చేతకాకపోతే ఆజ్ఞ వేస్తాడు, అనుకుంది ఓబుళమ్మ ఇంటికి నడుస్తూ. కోపం రాలేదామెకి. అమ్మ కూడా అంతే, పళ్ళు కావాలని ఏనాడూ అడగలేదు, గోడ వైపు తిరిగి పడుకునేది.

ఇంటి ముందు పదకొండు మందీ కూర్చుని ఉన్నారు. మళ్ళీ కొంగులు మూతుల మీదికి వచ్చేశాయి. తన వల్లే కదా వీళ్ళకీ గతి అనుకుంది ఓబుళమ్మ. గంగులవ్వ మాత్రం, "ఏడాదిపాటు రొట్టె కొరుక్కు తిన్నాను తల్లీ. అదే పదివేలు. నీ రంపం కాపాడుకో ముందు," అంది. మాట సగం గాలిగా వచ్చింది గాని, అందరికీ అర్థమైంది.

"రంపం మీ పళ్ళ కోసమే అవ్వా," అంది ఓబుళమ్మ. "ఉన్న మైనమంతా భటులు పట్టుకుపోయారు. మీ దగ్గరేమన్నా ఉందా?"

కుంకుమ నిలవడానికి నుదుటికి కాస్త మైనం రాసుకోవడం ఆడవాళ్ళ అలవాటు. ప్రతి కుంకుమ భరిణె అడుగునా చిటికెడు మైనం ఉంటుంది. పదకొండు మందీ వెళ్ళి తెచ్చారు. గంగులవ్వ భరిణెలోనే అందరికంటే పెద్ద ముద్ద ఉంది.

"మొగుడు పోయిన నాడు కుంకుమ తీసేశారు," అంది గంగులవ్వ. "మైనం అడగడం మరిచిపోయారు."

ఏడో రోజున ఓబుళమ్మ ఒక వెండిపళ్ళెంలో రెండు అరటిపండ్లు పెట్టుకుని సభకి వచ్చింది. ఒకటి బంగారు రంగులో, తిన్నగా, ఒక్క మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది. రెండోది వంకరగా ఉంది, తొక్క మీద నల్లటి మచ్చలు.

వైద్యుడు ఎగతాళిగా, "పళ్ళు తెమ్మంటే ఫలహారం తెచ్చిందండోయ్," అన్నాడు.

ఓబుళమ్మ రాజుగారికి దణ్ణం పెట్టి, పని మొదలుపెట్టే ముందు తనకొక సందేహం ఉందని విన్నవించుకుంది. ఏలినవారు నకిలీని చూపుతోనే పసిగడతారని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఈ రెండింటిలో ఒకటి చెట్టు కాసింది, ఒకటి తను చేసింది. నిజమైనదేదో ప్రభువులు తేల్చి ఆరగిస్తే, తన పనితనం ఏపాటిదో తనకీ తెలుస్తుంది.

రాజుగారు రెండింటినీ ఎగాదిగా చూశారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. పుట్టినప్పటినుంచీ ఆయన పళ్ళెంలోకి మచ్చ ఉన్న పండు రాలేదు. వంటవాళ్ళు ఏరేసేవారు. అరటిపండుకి మచ్చలుంటాయన్న సంగతే ఆయనకి తెలియదు.

"ఇంత అనాకారి పండు ఏ చెట్టు కాస్తుంది? ఇది నీ చేతి పని," అని వంకరపండుని పక్కకి నెట్టి, మచ్చలేనిదాన్ని అందుకున్నారు. సభలో మచ్చల పండు తినని ఇల్లు లేదు. అయినా అందరూ తలలూపారు.

రాజుగారు తొక్క వలిచారు. పట్టుగుడ్డ చాటున, ముందు పళ్ళు లేవు గనక, రెండు కోరలూ ఆనేలా బలంగా కొరికారు.

దవడ అక్కడే ఆగిపోయింది. రాజుగారు పండుని నోట్లోంచి పీకి చూసుకున్నారు. పసుపుపచ్చటి మైనం. వలిచిన తొక్క కూడా పల్చటి మైనమే. దాని మీద అటొక కోర, ఇటొక కోర, మధ్య నాలుగు పళ్ళ ఖాళీ, చిగుళ్ళ గీతతో సహా అచ్చు పడింది. ఓబుళమ్మ రెండు చేతులూ చాచి దాన్ని భద్రంగా అందుకుంది.

"చాలు మహారాజా. నాకు కావలసింది ఇప్పించారు."

"రాజుకి మైనం తినిపించింది, రాజద్రోహం," అని వైద్యుడు లేచాడు.

"నేను నోట్లోకి చూశానా అయ్యగారూ? చెయ్యి పెట్టానా? తెరవమన్నానా?" అంది ఓబుళమ్మ. ఆ పైన రాజుగారి వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "మచ్చ ఉన్నది నిజమైనది కాదని ప్రభువులే అనుకున్నారు. చెట్టున పండింది ఏదైనా అంతే, ఎక్కడో ఒకచోట మచ్చ పడుతుంది. అది పండు తప్పు కాదు."

రాజుగారు వంకర అరటిపండు తీసుకుని, వలిచి, నెమ్మదిగా తిన్నారు. తియ్యగా ఉన్నట్టుంది, మొత్తం తిన్నారు. వెళ్ళి పని చూసుకొమ్మని సైగ చేశారు.

మర్నాటికి పళ్ళు తయారయ్యాయి. ఈసారి రాజుగారే నోరు తెరిచారు, ఎవరూ తెరవమనలేదు. ఓబుళమ్మ పట్టుదారంతో కోరలకి కట్టి అద్దం చూపించింది. ఆయన అటు తిరిగి, ఇటు తిరిగి, ఇవి ఏ జంతువువని అడిగారు. సింహానివా, పులివా?

"గేదెవి ప్రభూ. పులికి చీల్చడమే తెలుసు. ఓపిగ్గా నమలడం తెలిసింది గేదెకే."

వీటిని ఎప్పటికీ ఊడకుండా దవడలోనే నాటలేవా అని అడిగారాయన.

"ఎముకలో నాటే విద్య నాకు రాదు. ముందుముందు ఎవరైనా కనిపెడతారేమో. రానిది వచ్చని చెప్పి తోటమాలి ప్రాణం మీదికి తేను. పడుకునే ముందు తీసి ఉప్పునీళ్ళలో వెయ్యండి. ఇవి మాటకీ నవ్వుకీ. చెరకు మాత్రం పక్కపళ్ళతో కొరకండి. ఎలాగో గంగులవ్వ చూపిస్తుంది, ముందు ఆమె పళ్ళు ఆమెకి ఇప్పించండి."

ఇత్తడి గిన్నె ఆ క్షణమే ఓబుళమ్మ చేతికి వచ్చింది.

చెరకు పండగనాడు మైదానం కిటకిటలాడింది. పట్టుగుడ్డ లేకుండా రాజుగారు మెట్లు దిగి వస్తుంటే జనం నోళ్ళు తెరిచారు. ఆయన నేరుగా గంగులవ్వ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అవ్వ తన చేతిలోని చెరకు ముక్కని బుగ్గ వైపు పెట్టి ఫెళ్ళున విరిచింది. "పక్కనుంచి, రాజా. అలా కాదు, ఇంకా పక్కకి," అంది. రాజుగారు చెప్పినట్టు చేశారు. ఫెళ్ళుమంది. రసం గడ్డం మీదికి కారింది. ఎద్దులు కదిలాయి, గానుగ తిరిగింది.

రాజుకి ఆజ్ఞ ఇవ్వడం నేర్పుతారు, దానమివ్వడం నేర్పుతారు. మేలు చేసినవాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పరు. రణభైరవ భూపతి తొలిగడలో మిగిలిన సగం పట్టుకుని ఓబుళమ్మ ముందు కాసేపు తికమకపడి, చివరికి రెండు చేతులతో ఆమెకి అందించారు. "రెండేళ్ళయింది నేను నా పేరు సరిగ్గా పలికి," అన్నారు. ఓబుళమ్మకి అమ్మ గుర్తొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఏం కావాలో కోరుకోమన్నారు రాజుగారు.

"నవ్వు మీద ఆజ్ఞ ఎత్తేయించండి ప్రభూ. ముందు ఆడవాళ్ళకి, తర్వాత మగవాళ్ళకి."

"ఎందుకా వరస?"

"వాళ్ళ మీద వేసి చాలా కాలమైంది గదా."

రాజుగారు పకపకా నవ్వారు. నాలుగు గేదె పళ్ళూ ఎండలో మెరిశాయి. మైదానమంతా నవ్వింది, పదకొండు మంది కొంగులు జారినా సర్దుకోకుండా నవ్వారు. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. ఓబుళమ్మకి ఏటి ఒడ్డున ఇల్లూ, పనికి కావలసిన ఎముకా దంతమూ కోటనుంచి ఇచ్చేలా శాసనం రాయించారు. మహారాణి తనవంతుగా బుట్టెడు జంతికలు పంపి, అడుగున ఒక చీటీ పెట్టింది, నీ కడుపు చల్లగుండ అని.

భరిణెల్లో మైనం ఎవరిది వాళ్ళకి తిరిగి ఇద్దామని ఓబుళమ్మ ఆ మైనపు అరటిపండుని కరిగించబోయింది. గంగులవ్వ చెయ్యి పట్టుకుంది. రాజుగారు కొరికిన ముక్క వరకూ కోసి తీసుకుని తన భరిణెలో పెట్టి మూత వేసింది.

"ఇదెందుకే అవ్వా నీకు?" అని అడిగింది ఓబుళమ్మ.

"మళ్ళీ ఎప్పుడైనా పులి కథ మొదలెడితే," అంది గంగులవ్వ, నిండా పళ్ళతో నవ్వుతూ, "మూత తీసి చూపిస్తాను."