రాజుగారి మందు, పదకొండుమంది సాక్షులు

ఒకానొక రాజ్యంలో, అంటే నందికొలనులో, ఉద్దండరాయలనే రాజు ఉండేవాడు. యాభై దాటాక పడకటింట్లో ఆయనకు ఒళ్లు సహకరించడం మానేసింది. ఆస్థాన వైద్యుడు సింగనార్యుడు గుట్టుగా ఒక గుళిక ఇచ్చాడు.

గుట్టు ఎక్కడ నిలిచింది! రాజు ఏ మందు మింగినా, గుణం కనిపించేదాకా పదకొండుమంది ఉద్యోగులు ఎదురుగా కూర్చుని, చూసింది తాటాకుల మీద గంటంతో రాయాలని ఆ కోట ఆనవాయితీ. ఈ మందుకూ అలాగే కూర్చున్నారు. జాము గడిచింది. ఏమీ కాలేదు.

"దొంగ వైద్యుడా! రేపు నీ తల తీయిస్తాను!" అని రాజు మండిపడ్డాడు.

 సింగనార్యుడు చేతులు జోడించి, "మహాప్రభూ, చచ్చేముందు ఒక్కసారి తోట కాలువ దగ్గరికి దయచేయండి" అన్నాడు.

కాలువ తూముకు ఇద్దరు మనుషులు. ఒకడు తెరుస్తాడు, ఒకడు మూస్తాడు. వైద్యుడు మూసేవాడి చేతులు కట్టేసి ఊరుకున్నాడు. కాలువ ఎండిపోయి ఉంది.

"నీళ్లేవయ్యా?" అన్నాడు రాజు.

"తెరవమని ఏలినవారు సెలవివ్వలేదు కదా!" అన్నాడు వైద్యుడు.

రాజు చెయ్యి ఊపాడు. మొదటివాడు తలుపెత్తాడు. నీళ్లు ఉరికాయి, ఆపేవాడు లేక కాలువ నిండా పారాయి.

"దేహంలోనూ ఇంతే ప్రభూ. మనసులో కోరిక పుడితే సన్నని నాళాలు విచ్చుకుని నెత్తురు పరుగెత్తి వస్తుంది. వాటిని మళ్లీ ముడిచేది ఒకటి ఒంట్లోనే ఉంది. నా మందు దాని చేతులు కాసేపు కడుతుంది, అంతే. తెరవాల్సింది కోరికే. పదకొండుమంది గంటాలు పట్టుకుని చూస్తుంటే మన్మథుడికైనా కోరిక పుడుతుందా?"

  ముప్పై ఏళ్లుగా మందులు నూరుతున్నా, కంటికి కనబడని ఒక తలపు ఇంత నెత్తురును కదిలిస్తుందంటే సింగనార్యుడికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రాజు కూడా తన అరచేతిని తిప్పి నరాల వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. "ఇదంతా నాలోనే జరుగుతోందా!" అన్నాడు మెల్లగా.

ఆ రాత్రి రాజు మళ్లీ గుళిక మింగి రాణిగారి మందిరానికి వెళ్లాడు, సాక్షులను మాత్రం రానివ్వలేదు. మర్నాడు రాజు కొలువుకు ఆలస్యంగా వచ్చాడు.

పెద్ద లేఖకుడు గంటం పట్టుకుని, "ప్రభూ, మందు పనిచేసినట్టు ఎవరూ చూడలేదే, ఏమని రాయమంటారు?" అన్నాడు.

తెర వెనుక రాణిగారు కిసుక్కుమన్నారు. సింగనార్యుడు లేచి, "ఎవరూ చూడలేదు కనుకనే పనిచేసిందని రాయండి" అన్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి, నిన్న నరికిస్తానన్న మెడలో తానే వేశాడు.