కుర్చీ పట్టే కారు

పెంచలప్రసాద్ ఎనిమిది నెలలుగా కారు వెతుకుతున్నాడు. పదకొండు కార్లు చూశాడు. పదకొండింటికీ వంక పెట్టి తిరిగొచ్చాడు.

వంక పెట్టడం అతనికి కొత్తేమీ కాదు, ఉద్యోగమే అది. నెల్లూరు పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో తయారైన సరుకు తనిఖీ చేసే అధికారి. లక్ష మాత్రల్లో ఒక్కటి పెచ్చు ఊడి కనిపించినా మొత్తం సరుకు ఆపేస్తాడు. పదిహేనేళ్లలో అతని చేతి మీదుగా ఒక్క పొరపాటూ బయటికి పోలేదు. ఆ సంగతి అతనికి బాగా గుర్తుంటుంది, ఎదుటివాళ్లు మరిచిపోతే గుర్తు చేస్తాడు కూడా.

కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషని పక్కింటివాళ్లు అనుకునేవాళ్లు. అనుకోనీండి. ఈ కారు విషయంలో మాత్రం అతని భయం న్యాయమైనదే. కూతురు నీరజకు పదమూడేళ్లు. పుట్టినప్పటి నుంచీ కాళ్లలో సత్తువ లేదు. చేతుల్లో మాత్రం బలం ఉంది. మంచం పక్కన చక్రాల కుర్చీ ఉంటే చాలు, ఎవరి సాయమూ లేకుండా జరిగి అందులో కూర్చుంటుంది. వంటింట్లోకి పోయి అమ్మమ్మతో తగాదా పడుతుంది, గేటు దాకా పోయి కూరగాయల బండి ఆపి బేరమాడుతుంది.

ఊళ్లోకి పోవాలంటేనే చిక్కు. ఇంట్లో ఉన్నది చిన్న కారు. పాపను, భార్య కామాక్షిని, అత్తగారిని ఎక్కిస్తే కుర్చీకి చోటుండదు. కుర్చీ ఎక్కిస్తే ఒకరు దిగాలి. ఎత్తు బండి కొందామంటే సీటు పాపకు అందదు, ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి. ఒకసారి పెళ్లిలో నలుగురూ చూస్తుండగా మేనమామ అలాగే ఎత్తి బండెక్కించాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఏ పెళ్లికీ రానంది.

అందుకే అతను ఎస్టేట్ కారు మీద పడ్డాడు. మామూలు కారులాగా నేలకు దగ్గరగా ఉంటుంది, పైకప్పు మాత్రం చివరిదాకా సాగి వెనక పొడుగాటి డిక్కీ ఉంటుంది. సీటూ చక్రాల కుర్చీ ఇంచుమించు ఒకే ఎత్తు. పాప తనంతట తనే జరిగి ఎక్కొచ్చు. ఇంటిల్లిపాదీ కుర్చీతో సహా బయల్దేరొచ్చు. కాకపోతే అలాంటివి మనవైపు కొనేవాళ్లు తక్కువ. కొత్తది కొనే తాహతు అతనికి లేదు. గొప్పింటివాళ్లు వాడి వదిలేసిన విదేశీ కార్లే దిక్కు.

ప్రతి ఆదివారం తెల్లారేసరికి చిన్న కారేసుకుని మద్రాసు పోయేవాడు. చూసినదాన్నే రెండోసారి, మూడోసారి చూసేవాడు. ఒకదానికి వెనక తలుపు మీద రంగు మందం తేడా వచ్చింది, గుద్దుకుంటే మళ్లీ వేయించారన్నాడు. ఒకదానికి స్టెప్నీ గుంటలో తుప్పు. ఇంకోదాని సర్వీసు పుస్తకంలో రెండు పేజీలు లేవు. నల్లది ఎండకు కాగుతుందన్నాడు, తెల్లది మాస్తుందన్నాడు. ఒకదాంట్లో ఏ వంకా దొరకలేదు. దొరకలేదంటే ఏదో దాచారని అనుమానపడి దాన్నీ వదిలేశాడు.

పన్నెండో కారు నెల్లూర్లోనే తగిలింది. ఒక రొయ్యల వ్యాపారి నాలుగేళ్లు వాడి, మినీ బైపాసులో పాత కార్లు అమ్మే షెడ్డుకిచ్చాడు. బూడిద రంగుది. పోయి చూశాడు. నచ్చింది. నచ్చిన దగ్గర్నుంచీ మనశ్శాంతి పోయింది. కొంటే రేపు ఏది బయటపడుతుందో, కొనకపోతే ఎవరు ఎత్తుకుపోతారో. కాలుగాలిన పిల్లిలా హాలుకూ వరండాకూ తిరిగాడు. కంచం ముందు కూర్చుని ఫోనులో అదే కారు బొమ్మలు పెద్దవి చేసి చూశాడు. ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టబోయి కారు నంబరు రాశాడు.

గురువారం సాయంత్రం మీరాసాహెబ్ బాబా దగ్గరికి పోయాడు.

బాబా ముప్పయ్యొక్క ఏళ్లు ఉదయగిరి బస్సు నడిపి రిటైరైన మనిషి. సూఫీ గురువంటే జనం ఏదేదో ఊహించుకుని వస్తారు. ఈయనకు గడ్డమూ పొట్టిదే, మాటలూ పొట్టివే. గురువారం గురువారం ఆయన ఇంటి అరుగు మీద పదిమంది చేరతారు. ఫలానా మతంవాళ్లే రావాలని లేదు. కళ్లు మూసుకుని కాసేపు దేవుడి పేరు తల్చుకుంటారు, తర్వాత టీ తాగి పోతారు. పెంచలప్రసాద్ ఆరేళ్లుగా వస్తున్నాడు.

ఆరోజు కళ్లయితే మూశాడు గానీ, జేబులో ఫోను మోగినట్టనిపించి మూడుసార్లు తడుముకున్నాడు.

టీ ఇచ్చేటప్పుడు బాబా అడిగాడు. "ఏంది నాయనా, దేవుణ్ణి తల్చుకోమంటే జేబుని తల్చుకుంటుండావు?"

పెంచలప్రసాద్ అంతా వెళ్లగక్కాడు. "పాప కోసం బాబా. ఈ ఒక్కసారి తప్పు జరగకూడదు. ఈ బండ్ల గురించి నాకు తెలిసినంత నెల్లూర్లో ఎవరికీ తెలీదు. అయినా మనసు నిలవడం లేదు. మంచిదో కాదో ఎట్టా తేల్చుకునేది?"

"ఏమేం చూస్తావు?"

ఇంజన్, గేర్లు, రంగు, అడుగుభాగం, టైర్ల వయసు, అన్నీ చెప్పుకొచ్చాడు. చివర్న అన్నాడు. "వీటన్నిటికంటే ముందు డిక్కీ బాబా. కాగితం మీద కొలతలు నేను నమ్మను. పాప కుర్చీనే తీసకపోయి పెట్టి చూస్తా. మద్రాసైనా సరే."

"ప్రతి ఆదివారమూనా?"

"ప్రతి ఆదివారమూ. ఒక్కటీ తప్పలేదు."

ఆ మాట అని అతను మెప్పు కోసం బాబా మొహం కేసి చూశాడు. బాబా టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈ ఆదివారం నేనూ వస్తా," అన్నాడు.

పెంచలప్రసాద్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. ముప్పయ్యొక్క ఏళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన చెవి. ఇంజన్ ఒక్కసారి వింటే చాలు, లోపల ఏముందో చెప్పేస్తాడు. ఇక చింత లేదనుకున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికి ఇద్దరూ షెడ్డుకు చేరారు. యజమాని చెంచురామయ్య అరచేతిలో వైకుంఠం చూపించే రకం. ఎదురొచ్చి చేతులు కలిపి, బండి తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టాడు. పెంచలప్రసాద్ చిన్న కారు వెనక సీట్లోంచి మడిచిన కుర్చీ దించాడు.

బాబా బండి దగ్గరికి రాలేదు. గేటు పక్క ప్రహరీ నీడలో వాచ్‌మన్ నులకమంచం ఉంటే, చెప్పులు విడిచి దానిమీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"రండి బాబా, ఇంజన్ వినండి."

"కుర్చీ తే, వస్తా."

బాబా ఎగతాళి చేస్తున్నాడనుకుని పెంచలప్రసాద్ నవ్వాడు. "కుర్చీ డిక్కీలో పెడుతుండా బాబా. పడుతుందో లేదో చూడాల గదా."

"అట్టయితే చూసుకో. నేనీడే ఉంటా."

కుర్చీ పట్టింది. నిలువుగా పట్టింది, అడ్డంగా పట్టింది, పక్కన రెండు సూట్‌కేసులకు చోటు కూడా మిగిలింది. కుర్చీని లోపలే ఉంచి, రోడ్డు మీద గడగడలాడుతుందేమోనని కోవూరు దాకా నడుపుకుంటూ పోయొచ్చాడు. చప్పుడు లేదు. బండిని పైకెత్తించి అడుగున టార్చి వేసి చూశాడు. రంగు మందం కొలిచే యంత్రం తలుపు తలుపుకూ ఆనించాడు. వంక కనిపించని కొద్దీ ఇంకా గట్టిగా వెతికాడు.

"నాయనా, దాహంగా ఉండాది," అని బాబా మంచం మీద నుంచే కేకేశాడు.

పదడుగుల దూరంలో రేకుల పందిరి కింద మూత పెట్టిన నీళ్ల కుండ ఉంది, పైన గ్లాసు ఉంది. గురువుగారి మీద మొదటిసారి విసుగొచ్చింది పెంచలప్రసాద్‌కి. ఇంజన్ వినమని తీసుకొస్తే మంచమెక్కి కూర్చోవడమేంటి, పది అడుగులు వేయకపోవడమేంటి? వాచ్‌మన్ నీళ్లు ముంచిచ్చాడు.

పదింటికల్లా ప్రహరీ నీడ కుంచించుకుపోయింది. నెల్లూరు ఎండ సంగతి చెప్పేదేముంది. ముందు బాబా కాళ్ల మీద పడింది, తర్వాత ఒళ్లోకొచ్చింది, తర్వాత మొహం మీదికెక్కింది. పదడుగుల్లో ఆ పందిరి ఉంది. వాచ్‌మన్ వచ్చి బతిమాలాడు, లేచి పందిట్లోకి రమ్మన్నాడు. బాబా తల అడ్డంగా ఊపాడు. చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. అయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

బానెట్ కింద తల దూర్చిన పెంచలప్రసాద్‌ని వాచ్‌మన్ వచ్చి పిలిచాడు. గ్రీజు చేతులతోనే పరిగెత్తాడు.

"ఏంది బాబా ఇది! నీడలోకి జరగకూడదా?"

బాబా ఎండకు కళ్లు చికిలించి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఎట్టా జరిగేది నాయనా? కుర్చీ నువ్వు తీసకపోతివి గదా."

పెంచలప్రసాద్ వెనక్కి తిరిగి డిక్కీ వైపు చూశాడు. ఇంట్లో పాప మంచం తూర్పు కిటికీ కింద ఉంది. రోడ్డు కనిపిస్తుందని అతనే అక్కడ వేయించాడు. కామాక్షి నర్సు, ఆదివారాలు డ్యూటీకి పోతే మధ్యాహ్నం గానీ రాదు. అత్తగారు గోడ పట్టుకుని నడిచే మనిషి, పాపను జరపడం ఆవిడ వల్ల కాదు. ఎనిమిది నెలల ఆదివారాలు ఒక్కసారిగా అతని నెత్తిన పడ్డాయి.

తిరిగి బండి దగ్గరికి పోయి, డిక్కీ తెరిచి కుర్చీ బయటికి తీశాడు.

చెంచురామయ్య కంగారుపడ్డాడు. "ఏం సార్, నచ్చలేదా? మధ్యాహ్నానికి ఇంకో పార్టీ వస్తుండాది. మళ్లా నన్ననబాకండి!"

"రానీండి."

"బండి పోద్ది సార్!"

"పోతే పోనీండి," అన్నాడు పెంచలప్రసాద్. ఎనిమిది నెలల్లో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

అప్పుడు బాబా మంచం దిగాడు. చెప్పులు తొడుక్కుని, నడుచుకుంటూ పందిరి కిందికి పోయి, కుండలో నీళ్లు తనే ముంచుకుని తాగాడు.

"రండి బాబా, ఇంటి దగ్గర దించి పోతా."

"నన్నెందుకు దించేది? నేను బస్సులో పోతాలే. నువ్వు పో."

ఇంటికెళ్లేసరికి అత్తగారు వంటింట్లో ఉంది. హాల్లో తూర్పు కిటికీ ఊచలకు ఆవిడ పాతచీర ఒకటి అడ్డంగా కట్టి ఉంది. ఎండ తగిలి తగిలి సగం వెలిసిపోయింది. ఆ చీర అక్కడ ఎన్నాళ్ల నుంచి ఉందో అతనికి తెలియదు. చీర చాలని చోట ఎండ మంచం మీద పడుతుంటే, నీరజ గోడవైపు మిగిలిన జానెడు నీడలోకి ముడుచుకుని పుస్తకం చదువుకుంటోంది.

"అప్పుడే వచ్చేశావే నాన్నా!" అంది ఆశ్చర్యంగా. అంతలోనే దాని మొహం చిన్నబోయింది. "ఈ కారు కూడా బాగాలేదా?"

అతను కుర్చీ విప్పి మంచానికి ఆనించాడు. చక్రాలు కదలకుండా బ్రేకులు వేశాడు.

"తెలీదమ్మా. నువ్వింకా చూడలేదు గదా."

నీరజ పుస్తకం మూసింది. కుర్చీలోకి జరిగి, జడ సరిచేసుకుని, తండ్రి కంటే ముందే గుమ్మం వైపు తిరిగింది.