పుట్టలకోనలో మూడు ఉచ్చులు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఎంత దట్టమైన అడవంటే, మిట్టమధ్యాహ్నం కూడా ఎండ జల్లెడలోంచి రాలినట్టు చుక్కలు చుక్కలుగా రాలేది. ఆ అడవిలో ఏటి ఒడ్డున నేరేడు చెట్ల తోపు. ఆ తోపులో ఒక కొండముచ్చుల గుంపు కాపురం ఉండేది.

ఆ గుంపులో చిటారు అని ఒక పిల్ల. ఎప్పుడు చూసినా చిటారు కొమ్మ మీదే కూర్చునేది. అందుకే ఆ పేరు.

ఆ కొండముచ్చుల మధ్య ఒక ఎలుగుబంటి కూడా పెరుగుతున్నాడు. నవ్వకండి, నిజంగానే! వాడి పేరు బొంతడు. పసితనంలోనే తల్లి పోయింది. అప్పటినుంచి పుట్టలకోనలో ఒక్కడే ఏడాది పాటు బతికాడు. పుట్టలకోన అంటే రెండు కొండల సందున ఉన్న లోతైన చోటు. ఎటు చూసినా చెదపుట్టలు, నడుమ ఒక నీటి ఊట. అక్కడ ఒకనాడు బొంతడు ముళ్ళపందితో పేచీ పెట్టుకున్నాడు. పంజా నిండా ముళ్ళు దిగాయి. కుంటుకుంటూ నేరేడు తోపు దాకా వచ్చి కూలబడ్డాడు.

చిటారే చెట్టు దిగింది. మూడు రోజులు పక్కనే కూర్చుని ఒక్కొక్క ముల్లూ పీకింది. ఆఖరి ముల్లు పీకి, "ఇంక నువ్వు నావాడివి" అంది.

బొంతడు నొప్పితో "ఊఁ" అన్నాడు.

చిటారు దాన్ని మాట ఇచ్చినట్టే లెక్కేసుకుంది.

రెండేళ్ళు గడిచాయి. ఇద్దరూ కలిసే తిరిగారు. ఆమె పైనుంచి నేరేడు పళ్ళు రాల్చేది, అతను కింద ఏరుకుని తినేవాడు. బొంతడు ఎదిగాడు. మన లెక్కలో చెప్పాలంటే పదిహేనేళ్ళ కుర్రాడు. గొంతు బొంగురుపోయింది. మాటలు తగ్గాయి. కొండముచ్చులు కిచకిచలాడుతుంటే చెవులు వెనక్కి వాల్చుకుని కూర్చునేవాడు. తల మాత్రం ఎప్పుడూ కొండల వైపే తిరిగి ఉండేది.

ఒకరోజు పొద్దున్నే లేచి వెళ్ళాడు. పొద్దు వాలేవేళకి తిరిగొచ్చాడు. మూతి నిండా ఎర్రమన్ను.

"ఎక్కడికి వెళ్ళావు?" అని అడిగింది చిటారు.

"పుట్టలకోనకి."

"అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాడు బొంతడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం విప్పారింది. చిటారు అది చూసింది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

రెండోసారి వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చాడు. ఈసారి చిటారు అలగలేదు. తొర్రలోంచి తేనెపట్టు తెచ్చి ముందు పెట్టింది. తేనెటీగలు కుట్టి ఆమె చేతులు వాచిపోయాయి.

బొంతడు ఇష్టంగానే తిన్నాడు. "ఎంత బాగుందో!" అన్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ కొండల వైపు చూశాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు పదిహేను రోజులు రాలేదు. చిటారుకి తిండి సయించలేదు. గుంపులోకెల్లా పెద్దదైన గంగవ్వ దగ్గరికి వెళ్ళి ఏడ్చింది.

"అవ్వా, అక్కడ ఇంకెవరైనా ఉంటే వెళ్ళి జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. ఎవరూ లేరంటాడు! ఎవరూ లేని చోటుతో నేనెలా పోట్లాడను?"

గంగవ్వ ఆమె తల నిమిరింది. "ఎలుగుల తీరే అంత, తల్లీ. వయసొస్తే ఒంటిగా తిరుగుతాయి. వాడికి నీ మీద కోపం లేదు. వెళ్ళనీ."

ఆ మాట చిటారు చెవికెక్కలేదు. పుట్టలకోన పేరు వింటేనే ఒళ్ళు మండిపోతోంది. అక్కడి మట్టి మీద అసూయ, చెదపుట్టల మీద అసూయ, ఊట మీద అసూయ. అతనికి తనకంటే ఆ చోటే ఎక్కువైందా?

బొంతడు తిరిగొచ్చాడు. ఒళ్ళంతా నిగనిగలాడుతోంది. "చిటారూ, నేను అక్కడే ఉండిపోదామనుకుంటున్నాను" అన్నాడు మెల్లగా. "అప్పుడప్పుడూ వచ్చి నిన్ను చూస్తాను."

చిటారు నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "అక్కడికి పోకు! మనుషులొచ్చి ఉచ్చులు పెట్టారు. తీగ ఉచ్చులు. మూడు! నిన్ను వెతుక్కుంటూ వచ్చి నా కళ్ళతో చూశాను."

"ఎక్కడెక్కడ?"

"ఎక్కడో పొదల్లో. ఆకులు కప్పేశారు. ఇప్పుడు నువ్వు వెళ్ళినా కనపడవు."

బొంతడు కొండల వైపు ఒకసారి చూశాడు. తరవాత నేరేడు చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకున్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు.

చిటారుకి సంతోషంతో కొమ్మ మీద కాలు నిలవలేదు. అయితే ఆ సంతోషం పట్టుమని పది రోజులు నిలవలేదర్రా. బొంతడు తోపులోనే ఉన్నాడు, నిజమే. కానీ పళ్ళు పెడితే వాసన చూసి వదిలేసేవాడు. వెంట్రుకలు జడలు కట్టాయి. పిలిస్తే పలికేవాడు, పలికి ఊరుకునేవాడు.

ఇంకో సంగతి. బొంతడు మంచివాడు. ఉచ్చుల మాట విన్న రోజే, దారిన పోయే జంతువులన్నిటికీ చెప్పాడు. "పుట్టలకోన ఊటకి వెళ్ళకండి, ప్రాణం మీదికొస్తుంది" అని. చుక్కల దుప్పులు ఎప్పుడూ ఆ ఊటలోనే నీళ్ళు తాగేవి. ఆ మాట విని దారి మార్చుకుని, ఏట్లో ఉన్న నల్లమడుగుకి వెళ్ళసాగాయి.

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ అనే దుప్పి తోపులోకి వచ్చింది. వెనకాల ఆమె కూతురు, బుల్లి దుప్పి రేగు. దాని వెనకకాలు నలిగి వేలాడుతోంది.

"ఏమైంది, పిన్నీ?" అని లేచాడు బొంతడు.

"మడుగులో మొసలి దీని కాలు పట్టింది, నాయనా. కొమ్ములైనా లేనిదాన్ని, కాళ్ళతో తన్ని తన్ని విడిపించుకున్నాను. ప్రాణం దక్కింది. కాలు మాత్రం ఇంక నేలకి ఆనదు" అని చుక్కమ్మ వలవలా ఏడ్చింది. "ఆ ఊటకే వెళ్ళగలిగి ఉంటే మాకు ఈ గతి పట్టేదా!"

బొంతడు ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ మూడు ఉచ్చులూ నేనే పీకేస్తాను. ఏమైతే అదవుతుంది" అని బయల్దేరాడు.

చిటారు చెట్టు మీదే బిగుసుకుపోయింది. రేగు కాలు చూస్తోంది. కళ్ళు తిప్పుకుందామంటే తిరగడం లేదు. ఉచ్చులు లేవు కదా, అతనికేమీ కాదు కదా అనుకుంది. వెతికి వెతికి, మనుషులే తీసేసుకుని పోయారనుకుంటాడు. తన అబద్ధం ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు.

అంతా ఆలోచించాక కూడా ఉండబట్టలేక, కొమ్మల మీదుగా పరుగు తీసింది.

పుట్టలకోనలో బొంతడు పొద పొదా వెతుకుతున్నాడు. ఎలా వెతుకుతున్నాడనుకున్నారు? కర్రతో కాదు. తన పంజానే పొదలో పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆకులు కెలుకుతున్నాడు. పడితే తన చేయే పడాలని. ఒక పొద అయ్యాక ఇంకో పొద.

చిటారుకి అది చూడబుద్ధి కాలేదు. దభీమని కిందికి దూకింది.

"ఆపు! ఉచ్చులు లేవు!"

బొంతడు కళ్ళు తెరిచాడు. "తీసేశారా?"

"పెట్టనే లేదు. నేనే అల్లి చెప్పాను. నువ్వు వెళ్ళిపోతావని."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

బొంతడు తన పంజా వైపు చూసుకున్నాడు. కేకలు వేస్తాడనుకుంది చిటారు. కొట్టినా బాగుండేది.

"నాకు చెప్పావు, సరే" అన్నాడు చివరికి. "వెళ్ళి చుక్కమ్మ పిన్నికి చెప్పు. నేను ఇక్కడే ఉంటాను."

"మళ్ళీ తోపుకి రావా?"

"తెలీదు. నన్ను అడక్కు."

చిటారు వెళ్ళింది. ఆ దారి ఎంత పొడుగు అనిపించిందో! చుక్కమ్మ ముందు తల వంచుకుని ఉన్నదంతా చెప్పింది. దుప్పులన్నీ నిలబడి విన్నాయి.

చుక్కమ్మ కంట నీళ్ళు రాలేదు. "నీ స్నేహితుడు నీ దగ్గర ఉండాలని నా బిడ్డ కాలు పోగొట్టావు" అంది. "నేను క్షమించలేను, పిల్లా. రేపేమో గానీ, ఈ రోజు నా వల్ల కాదు."

"క్షమించొద్దు, పిన్నీ" అంది చిటారు. "రేగు పరిగెత్తలేదు కదా. అది నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడల్లా నేను చెట్టెక్కి కాపలా ఉంటాను. పులి అలికిడైతే ముందే అరుస్తాను. అంతవరకు ఒప్పుకో."

చుక్కమ్మ వంగి రేగు కాలు నాకసాగింది. మర్నాడు దుప్పులు ఊటకి బయల్దేరితే, చిటారు పైనుంచి వెంట నడిచింది.

ఆ వేసవంతా అలాగే గడిచింది. ఊట పక్కన మద్దిచెట్టు మీద కూర్చుని నాలుగు వైపులా కళ్ళు వేసి ఉంచేది. చిరుతను మూడుసార్లు ముందే పసిగట్టింది. మూడోసారి తరవాత చుక్కమ్మ తల పైకెత్తి, "జాగ్రత్త, అమ్మాయ్, ఆ కొమ్మ ఎండుది" అంది. అంతే అంది.

బొంతడు అప్పుడప్పుడు కనపడేవాడు. అల్లంత దూరాన పుట్ట తవ్వుకుంటూనో, బండ మీద వెల్లకిలా పడుకునో. చిటారుకి పిలుపు నోటి దాకా వచ్చేది. మొదట్లో ఆ ఎర్రమట్టిని చూస్తే ఇంకా మండేది కూడా. అసూయ ఒక్కరోజులో పోతుందా? అయినా పిలవలేదు. రోజూ దిగమింగుకుంది. రానురాను అతను పుట్టలో మూతి పెట్టి ఈల వేసినట్టు చెదలు పీలుస్తుంటే వినడం అలవాటైంది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో ఆమెకి అప్పుడే తెలిసింది.

తొలకరి జల్లు పడిన నాటి ఉదయం, దుప్పులు తాగి వెళ్ళిపోయాయి. చిటారు దిగబోతుంటే కింద ఆకులు చప్పుడయ్యాయి. బొంతడు నడుచుకుంటూ వచ్చి మద్దిచెట్టు మొదట్లో కూర్చున్నాడు. చిటారు ఒక కొమ్మ దిగి ఆగింది. వాన తుంపర ఆకుల మీద పడుతూ ఉంది.

కాసేపటికి బొంతడు లేచి ఒళ్ళు దులుపుకుని, తన దారిన కోన లోపలికి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని చిటారు అడగలేదు.

నీతి: మనకి ఇష్టమైనవాళ్ళకి మనం కాక వేరే ఇష్టాలూ ఉంటాయి. వాటి మీద అసూయతో అబద్ధమాడి ఆపితే, మనిషి దక్కినా మనసు దక్కదు. పైగా ఆ అబద్ధం ఏ పాపమూ ఎరగనివాళ్ళకి తగులుతుంది.